క్యాంపర్‌వ్యాన్‌లో వెళ్ళి టోంగరీరో కొండ దాటడం: బుకింగ్ నుంచి చివరి మెట్టు దాకా

మొదటిసారి మేం కొండ మీద ఎత్తయిన చోటికి గంట దూరంలో వెనక్కి తిరిగాం. జనవరి నెల, న్యూజిలాండ్‌లో నడి వేసవి. ఆక్లాండ్‌లో బయల్దేరినప్పుడు చొక్కా ఒంటికి అంటుకునేంత ఉక్క. టోంగరీరో మీద సౌత్ క్రేటర్ చేరేసరికి మబ్బు నేల మీదికి దిగిపోయింది. చినుకులు గాలికి అడ్డంగా వచ్చి చెంపలకు సూదుల్లా గుచ్చుకుంటున్నాయి. మా బావమరిది కూతురు తడిసిన నూలు గ్లోవ్స్ తీసి చూపిస్తే వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "బావా, ఇంకో గంటేగా, ఇంత దూరం వచ్చి..." అని మా బావమరిది మొదలుపెట్టాడు కానీ, ఆ వేళ్ళు చూసి తనే ఆపేశాడు. అందరం వెనక్కి నడిచాం.

ఆ రోజు గాలి బలంగా ఉంటుందని ముందు రోజు సాయంత్రమే ఫోన్‌లో చూశాం. అయినా బయల్దేరాం. షటిల్ బస్సు ఆ రోజుకే బుక్ చేశాం, మర్నాడు వ్యాన్ తిరిగి ఇచ్చేయాలి. ఏడాది తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు నడకకి మూడు రోజుల వెసులుబాటు పెట్టుకున్నాం. మొదటి రోజు వాన. వ్యాన్‌లో కూర్చుని ఉప్మా చేసుకుని, పేకాడుకుని, పడుకున్నాం. రెండో రోజు తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుగా ఉంది.

క్యాంపర్‌వ్యాన్ వల్ల వచ్చే అసలు లాభం నా దృష్టిలో ఇదే. పడక, వంట, టాయిలెట్ మీతోనే ఉంటాయి కాబట్టి మంచి రోజు కోసం కొండ కిందే ఆగవచ్చు. ఈ గైడ్ మొత్తం ఆ ఒక్క లెక్క మీదే రాస్తున్నాను.

ముందు కొండ సంగతి తెలుసుకోండి

న్యూజిలాండ్ ఉత్తర ద్వీపం నడిబొడ్డున మూడు అగ్నిపర్వతాలు పక్కపక్కనే ఉంటాయి: 2,797 మీటర్ల రువాపెహు, శంకువును నిలబెట్టినట్టుండే 2,287 మీటర్ల ఙౌరుహోయె, వాటికి ఉత్తరాన టోంగరీరో. టోంగరీరో ఆల్పైన్ క్రాసింగ్ అనే దారి ఈ కొండ మీదుగా ఒక వైపు ఎక్కి మరో వైపు దిగుతుంది. మొత్తం 20 కిలోమీటర్లకు అటూ ఇటూ, మామూలుగా 7 నుంచి 8 గంటలు. మంగటెపోపో వైపు సుమారు 1,120 మీటర్ల ఎత్తున మొదలై, రెడ్ క్రేటర్ దగ్గర 1,900 మీటర్లకు కొంచెం తక్కువ దాకా వెళ్ళి, కెటెటహి వైపు 760 మీటర్ల దగ్గర ముగుస్తుంది.

పేర్ల గురించి ఒక మాట. మనం ఒకటో తరగతిలో దిద్ది, ఆ తర్వాత విడిగా రాసే అవసరమే రాని అక్షరం 'ఙ'. ఇక్కడి మూలవాసులైన మావోరిల భాషలో ఆ శబ్దంతోనే మాటలు మొదలవుతాయి. ఙౌరుహోయె అని మనం ఇబ్బంది లేకుండా పలకగలం. 'ఫకపప' అనే ఊరి పేరు బోర్డు మీద ఇంగ్లీషులో Whakapapa అని చూస్తే 'వకపప' అనాలేమో అనిపిస్తుంది, కానీ ఇక్కడివాళ్ళు ఫ అనే అంటారు. దారి అడిగేటప్పుడు ఊరి పేరు సరిగ్గా పలికితే వాళ్ళ ముఖంలో సంతోషం కనిపిస్తుంది.

ఈ శిఖరాలు ఙాటి తూఫారెటోవా తెగవారికి పూర్వీకులతో సమానం. 1887లో ఆ తెగ పెద్ద టె హెయుహెయు తూకినో 4 వీటిని దేశానికి అప్పగించారు. న్యూజిలాండ్‌లో మొదటి జాతీయ ఉద్యానం అలా పుట్టింది. యునెస్కో దీన్ని 1990లో ప్రకృతి పరంగా, 1993లో సంస్కృతి పరంగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందుకే శిఖరాల మీదికి ఎక్కవద్దని, సరస్సుల నీళ్ళు ముట్టుకోవద్దని కోరతారు. దారి శిఖరాల పక్కనుంచే వెళ్తుంది కాబట్టి చూడాల్సినదేదీ మనకు తప్పిపోదు. కొండనే దేవుడనుకుని మెట్లకు పసుపు కుంకుమ పెట్టే మనకు ఈ భావం ఎవరూ వివరించక్కర్లేదు.

మొదటి పని: నెల, రోజులు తేల్చుకోవడం

మంచు పరికరాలు వాడటం రానివాళ్ళకు అక్టోబర్ చివరి నుంచి ఏప్రిల్ చివరి దాకానే ఈ దారి. చలికాలంలో ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), క్రాంపాన్లు (బూట్లకు కట్టుకునే ఇనుప ముళ్ళు) కావాలి, మంచు జారి పడే ప్రమాదం ఉంటుంది. అప్పుడు గైడ్ లేకుండా వెళ్ళకండి. నవంబర్‌లో కూడా పైన మంచు మిగిలి ఉండవచ్చు. నన్నడిగితే ఫిబ్రవరి రెండో సగం, మార్చి మంచివి. స్కూలు సెలవులు అయిపోయి రద్దీ తగ్గుతుంది, వెలుతురు ఇంకా చాలాసేపు ఉంటుంది.

వ్యాన్ కనీసం 6 రోజులకు తీసుకోండి. ఆక్లాండ్ నుంచి రావడానికి ఒకటి, పోవడానికి ఒకటి, కొండ కింద మూడు, చేతిలో ఒకటి. ఆ మూడు రోజుల్లో ఏ రోజు గాలి తక్కువో ఆ రోజే నడక. మిగిలిన రోజుల్లో చేయడానికి అక్కడ బోలెడున్నాయి. ఫకపప ఊళ్ళోనే మొదలయ్యే టరనాకి ఫాల్స్ నడక 6 కిలోమీటర్లు, రెండు గంటలు. 20 మీటర్ల ఎత్తు నుంచి లావా అంచు మీదుగా నీళ్ళు దూకుతాయి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి మీతో ఉంటే వాళ్ళకు ఇదే సరైనది. మోకాళ్ళు బాగున్నవాళ్ళు నిదానంగా వెళ్ళి రాగలరు.

రెండో పని: వ్యాన్

ఇద్దరికైతే చిన్న వ్యాన్ చాలు. నలుగురికి, అందులోనూ ఉదయం నాలుగున్నరకు లేవాల్సిన నలుగురికి, లోపల నిలబడగలిగే ఎత్తున్నది తీసుకోండి. చీకట్లో వంగి వంగి సాక్సులు తొడుక్కోవడం నడకకి ముందే నడుము విరిచేస్తుంది.

బుక్ చేసేటప్పుడు 'సెల్ఫ్ కంటెయిన్డ్' సర్టిఫికెట్ ఉందో లేదో అడగండి. అంటే మంచినీళ్ళు, వాడేసిన నీళ్ళు, టాయిలెట్ అన్నీ వ్యాన్‌లోనే పట్టి ఉంచగలగాలి. 2023లో చట్టం మారాక టాయిలెట్ వ్యాన్‌కు బిగించి ఉండాల్సిందే. మడిచి మూలన పెట్టే పోర్టబుల్ టాయిలెట్ ఇప్పుడు లెక్కలోకి రాదు. కొత్త సర్టిఫికెట్ పచ్చ రంగులో ఉంటుంది.

డ్రైవింగ్ మనకు సులువే, ఇక్కడా ఎడమ వైపే. లైసెన్సు ఇంగ్లీషులో స్పష్టంగా ఉంటే నడుస్తుంది కానీ, ఇండియా నుంచి వచ్చేవాళ్ళు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తెచ్చుకుంటే అద్దె కౌంటర్ దగ్గర టెన్షన్ ఉండదు. ఇన్సూరెన్స్ కాగితంలో కంకర రోడ్ల గురించి ఏం రాశారో చదవండి. డీజిల్ వ్యాన్ అయితే కిలోమీటర్ల లెక్కన రోడ్డు పన్ను విడిగా కట్టాలి, అద్దెకిచ్చేవాళ్ళే చివర్లో వసూలు చేస్తారు. డీజిల్ చౌక అని మురిసిపోకుండా ఇది కూడా కలిపి లెక్క వేసుకోండి.

వ్యాన్ చేతికిచ్చే మనిషి అరగంటలో అన్నీ గబగబా చెప్పేస్తాడు. ఫోన్‌లో వీడియో తీసుకోండి. ముఖ్యంగా ఇవి వాళ్ళ చేత చేయించి చూడండి: గ్యాస్ సిలిండర్ వాల్వు ఎక్కడుంది, టాయిలెట్ క్యాసెట్ (కింద ఉండే మలం డబ్బా) బయటికి ఎలా తీయాలి, మంచినీళ్ళు నింపే మూత ఏది, హీటర్ ఎలా వెలిగించాలి, లోపలి బ్యాటరీ ఎంత ఉందో ఎక్కడ చూడాలి. మొదటిసారి మేం హీటర్ సంగతి అడగలేదు. 1,100 మీటర్ల ఎత్తున రాత్రి పదకొండు గంటలకు బుక్‌లెట్ తిరగేస్తూ కూర్చున్నాం, పిల్లలు దుప్పట్లలో ముడుచుకుని చూస్తున్నారు.

వంట చేసేటప్పుడు కిటికీ గానీ పైన వెంటిలేటర్ గానీ తప్పకుండా తెరవండి. చలిగా ఉందని అన్నీ మూసేసి స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు. స్టవ్‌ను హీటర్‌లా అసలు వాడవద్దు. బండి నడిచేటప్పుడు సిలిండర్ వాల్వు కట్టేయండి.

మూడో పని: బట్టలు, సామాను, తిండి

కొండ మీద 100 మీటర్లు ఎక్కితే సుమారు 0.6 డిగ్రీలు చల్లబడుతుంది. మంగటెపోపోలో 12 ఉంటే రెడ్ క్రేటర్ దగ్గర 7, దాని మీద గాలి. అప్పుడు ఒంటికి తెలిసే చలి 0 దగ్గరకు పోతుంది. తడిసిన నూలు బట్ట ఒంట్లో వేడిని లాగేస్తుంది, తొందరగా ఆరదు. కాబట్టి జీన్స్, నూలు టీషర్టు, నూలు గ్లోవ్స్ వద్దు. ఒంటికి ఆనుకుని మెరీనో ఉన్ని గానీ పాలిస్టర్ థర్మల్ గానీ, దాని మీద ఫ్లీస్, అన్నిటి మీద గాలి, వాన ఆపే జాకెట్. వాన ప్యాంటు కూడా. ఉన్ని టోపీ, ఉన్ని గ్లోవ్స్ మండు వేసవిలో కూడా బ్యాగులో ఉండాలి. వీటిలో చాలావరకు కొండ దగ్గరి ఊళ్ళలో అద్దెకు దొరుకుతాయి. ఏడాదికోసారి నడిచేవాళ్ళు అన్నీ కొనక్కర్లేదు.

బూట్లు మాత్రం సొంతవి, అప్పటికే కనీసం నాలుగైదు నడకలు నడిచినవి. కొత్త బూట్లతో ఈ కొండకు రావద్దు.

ఎండ గురించి మనవాళ్ళు పట్టించుకోరు. "మన గుంటూరు ఎండలో తిరిగినవాళ్ళం" అంటారు. ఇక్కడ చల్లగాలిలో ఎండ తెలియదు కానీ అల్ట్రావయొలెట్ చాలా ఎక్కువ, పైన నీడనిచ్చే చెట్టు ఒక్కటి లేదు. సన్‌స్క్రీన్, కళ్ళజోడు, మెడ కప్పే టోపీ పెట్టుకోండి.

నీళ్ళు మనిషికి రెండు నుంచి మూడు లీటర్లు వ్యాన్ దగ్గరే నింపుకోండి. దారిలో తాగే నీళ్ళు దొరకవు. అగ్నిపర్వతం నుంచి వచ్చే వాగుల నీళ్ళలో ఖనిజాలు కలిసి ఉంటాయి, తాగవద్దు.

తిండికి పులిహోరను మించినది నాకు కనిపించలేదు. రాత్రే కలిపి డబ్బాల్లో సర్దుకోవచ్చు, చల్లగా తిన్నా బాగుంటుంది, చింతపండు పులుపు అలిసిపోయిన నోటికి ప్రాణం లేచి వచ్చినట్టు చేస్తుంది. ఒకరికి ఒక డబ్బా, ఎవరి బ్యాగులో వాళ్ళది. పల్లీ చిక్కీలు, సున్నుండలు జేబులో పెట్టుకుని గంటకోసారి నమలండి. ఒకేసారి కడుపు నిండా తిని మెట్లెక్కితే ఆయాసం.

ఇండియా నుంచి వచ్చేవాళ్ళకు ఒక హెచ్చరిక. పచ్చడి, పొడులు, స్వీట్లు, ఏది తెచ్చినా విమానాశ్రయంలో డిక్లేర్ చేయండి. చేస్తే మహా అయితే ఒకటి రెండు తీసి పడేస్తారు. దాచినట్టు తేలితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా.

ఇంకా: హెడ్‌టార్చ్, ఫస్ట్ ఎయిడ్, పవర్ బ్యాంక్, టాయిలెట్ పేపరు, చెత్త కవరు. ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు కాబట్టి పర్సనల్ లొకేటర్ బీకన్ ఒకటి అద్దెకు తీసుకోండి. మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా రెస్క్యూ వాళ్ళకు మీరున్న చోటు తెలుస్తుంది. సిగ్నల్ ఉన్న చోట అత్యవసర నంబర్ 111.

నాలుగో పని: ఒళ్ళు సిద్ధం చేసుకోవడం

అలిపిరి నుంచి తిరుమల కొండ ఒక్క రోజులో మెట్ల మీద ఎక్కి ఉంటే మీకు ఈ కొండ అంచనా ఉన్నట్టే. అక్కడ 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. పైకి ఎక్కే ఎత్తు రెండు చోట్లా ఇంచుమించు అంతే. తేడా ఏమిటంటే తిరుమలలో దారి పొడుగునా నీడ, మజ్జిగ, కూర్చునే అరుగులు ఉంటాయి, దిగడానికి బస్సు ఉంటుంది. ఇక్కడ ఎక్కాక ఇంకా పది కిలోమీటర్లకు పైగా కాళ్ళ మీదే దిగాలి. మోకాళ్ళు నొప్పెట్టేది దిగేటప్పుడే. అందుకని రెండు నెలల ముందు నుంచి వారానికి ఒకసారి మెట్లు దిగడం కూడా సాధన చేయండి. వెనక బ్యాగులో నాలుగు కేజీల బరువు పెట్టుకుని దిగండి.

ఐదో పని: రోడ్డు

ఆక్లాండ్ నుంచి తౌపో దాకా సుమారు 275 కిలోమీటర్లు. కారుకు మూడున్నర గంటలు పట్టే దారికి వ్యాన్‌లో ఐదు పెట్టుకోండి. ఊరు దాటాక స్పీడ్ లిమిట్ 100 అని ఉన్నా, ఎత్తు వ్యాన్‌కు పక్కగాలి తగిలితే స్టీరింగ్ లాగేస్తుంది. 80, 85లో వెళ్ళి, వెనక కార్లు పోగైతే ఖాళీ చోటు చూసి పక్కకు ఆగి దారివ్వండి. ఒక లేన్ వంతెనల దగ్గర మీ వైపు బాణం ఎర్రగా, చిన్నగా ఉంటే ఎదుటివాళ్ళను పోనివ్వాలి.

తౌపోలో సరుకులు, డీజిల్ నింపుకోండి. డంప్ స్టేషన్‌లో టాయిలెట్, వాడేసిన నీళ్ళు ఖాళీ చేసి మంచినీళ్ళు పట్టుకోండి. ఈ పని కొండ దగ్గరకు వెళ్ళకముందే చేయడం మంచిది. అక్కడి నుంచి సరస్సు ఒడ్డునే తూరంగి దాకా 50 కిలోమీటర్లు, ఎడమ పక్క కొండ, కుడి పక్క నీళ్ళు. తూరంగి దాటాక 46, 47 నంబర్ రోడ్లలో మూడు కొండలూ ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి.

ఆరో పని: ఎక్కడ ఆగాలి, బండి ఎక్కడ పెట్టాలి

మంగటెపోపో పార్కింగ్‌లో రాత్రి పడుకుని తెల్లారి నడిచేద్దాం అని చాలామంది అనుకుంటారు. కుదరదు. అక్కడ రాత్రి ఉండనివ్వరు, సీజన్‌లో పగలు కూడా 4 గంటలకు మించి బండి పెట్టకూడదు. నడకకు 8 గంటలు పడుతుంది, పైగా దారి మొదలైన చోట ముగియదు. కాబట్టి షటిల్ తప్పదు.

రాత్రి ఉండటానికి రెండు మంచి చోట్లు చెబుతాను. ఫకపప ఊళ్ళోని హాలిడే పార్కులో కరెంటు ప్లగ్గు, వేడి నీళ్ళ స్నానం, వంటగది ఉంటాయి. పిల్లలుంటే అక్కడికే వెళ్ళండి. 47 నంబర్ రోడ్డు పక్కనున్న మంగహుయియా, పరిరక్షణ శాఖ వాళ్ళ క్యాంప్‌సైట్. ఈ శాఖను ఇక్కడ అందరూ డాక్ అంటారు. అక్కడ కరెంటు లేదు, పక్కన వాగు, చుట్టూ చెట్లు, రాత్రి చుక్కలు. ఇద్దరమే అయితే నేను దాన్నే ఎంచుకుంటాను.

షటిల్ రెండు రకాలుగా తీసుకోవచ్చు. ఒకటి, మీ క్యాంప్ నుంచి మంగటెపోపోకు దింపి, సాయంత్రం కెటెటహి నుంచి తిరిగి తెచ్చేది. రెండోది, వ్యాన్‌ను కెటెటహి వైపు డబ్బు కట్టే ప్రైవేటు పార్కింగ్‌లో పెట్టి, పొద్దున్నే షటిల్‌లో మంగటెపోపోకు వెళ్ళి, మన బండి దగ్గరికే నడిచి రావడం. రెండో దాంట్లో తిరుగు బస్సు అందుతుందో లేదో అని పరుగెత్తక్కర్లేదు. మోకాలు నొప్పి పుడితే గంట ఎక్కువ తీసుకోవచ్చు. నా ఓటు దీనికే. బుక్ చేసేటప్పుడు వాతావరణం బాగోకపోతే తేదీ మార్చుకోనిస్తారా అని అడగండి. మార్చుకోనివ్వం అనేవాళ్ళ దగ్గర బుక్ చేయకండి. డాక్ వెబ్‌సైట్‌లో నడక రోజును ఉచితంగా నమోదు కూడా చేసుకోండి.

ఏడో పని: ముందు రోజు సాయంత్రం

ఇక్కడి వాతావరణ సంస్థ మెట్‌సర్వీస్ సైటులో ఊరి వాతావరణం కాకుండా టోంగరీరో పర్వత ప్రాంతపు సూచన తెరవండి. వాన కన్నా ముందు గాలి చూడండి. పైన గంటకు 50 కిలోమీటర్లు దాటే గాలి ఉందంటే మా ఇంట్లో ఆ రోజు నడక లేదు. ఇది మేం పెట్టుకున్న హద్దు. చిన్న పిల్లలుంటే ఇంకా తగ్గించుకోండి. తర్వాత భూకంపాలు, అగ్నిపర్వతాల మీద కన్నేసి ఉంచే జియోనెట్ సైటులో అగ్నిపర్వతం హెచ్చరిక స్థాయి చూడండి. అది 0 నుంచి 5 దాకా ఉంటుంది. ఇది ఊరికే చెప్పే మాట కాదు. 2012 ఆగస్టు 6 రాత్రి టోంగరీరో ఉత్తర వైపున్న టె మారి బిలం పేలింది. ఆ రాళ్ళు అప్పటి కెటెటహి హట్ పైకప్పును చీల్చుకుని పడ్డాయి. చలికాలం రాత్రి కాబట్టి లోపల ఎవరూ లేరు.

ఇవి చూశాక బ్యాగులు తలుపు దగ్గర సర్దండి. బట్టలు వేసుకునే వరసలో పెట్టుకోండి. ఫ్లాస్కులోకి టీ ఉదయం పోసుకోవడానికి గిన్నె, పాలు చేతికందేలా ఉంచండి. ఆక్లాండ్‌లోనో హైదరాబాద్‌లోనో ఒక మనిషికి మెసేజ్ పంపండి: ఎవరెవరం, ఏ దారి, ఎన్నింటికి దిగుతాం, ఎన్నింటిలోపు ఫోన్ రాకపోతే 111కు చెప్పాలి. ఇండియాలో ఉన్నవాళ్ళు 111కు ఫోన్ చేయలేరు కాబట్టి న్యూజిలాండ్‌లో ఉన్న మనిషైతేనే మేలు.

ఎనిమిదో పని: నడక

మంగటెపోపో నుంచి సోడా స్ప్రింగ్స్ దాకా గంట నుంచి గంటన్నర. వాగు పక్కన, పాత లావా మీద, చెక్క పలకల మీద సులువైన నడక. పొద్దున్న ఉత్సాహంలో అందరూ ఇక్కడే పరుగులు తీస్తారు. మాటలాడుతూ నడవగలిగే వేగంలోనే వెళ్ళండి. సోడా స్ప్రింగ్స్ దగ్గర టాయిలెట్ ఉంది, వాడుకోండి.

తర్వాత డెవిల్స్ స్టెయిర్‌కేస్. సుమారు 200 మీటర్ల ఎత్తు, మెట్లు, మలుపులు. ఎక్కడం మొదలుపెట్టే ముందే జాకెట్ విప్పేయండి, పైకి చేరగానే తొడుక్కోండి. చెమటతో లోపలి బట్ట తడిస్తే పైన గాలికి వణుకు పుడుతుంది. మబ్బు లేకపోతే వెనక్కి తిరిగి చూడండి, పడమర దిక్కున దూరంగా టరనాకి పర్వతం కనిపిస్తుంది.

పైన సౌత్ క్రేటర్. పేరు అలా ఉన్నా నిజానికి అది బిలం కాదు, చుట్టూ గట్లున్న బల్లపరుపు నేల. కుడి పక్కనే ఙౌరుహోయె నిటారుగా లేచి ఉంటుంది. అది చివరిసారి 1970లలో పేలింది. ఈ మైదానం మీద నడిచే అరగంటలోనే మీ నిర్ణయం తీసుకోవాలి. ఇక్కడే గాలి తోస్తుంటే, ఎదురుగా గట్టు మబ్బులో కనిపించకపోతే, మీలో ఒక్కరికి వణుకు ఆగకపోతే, వెనక్కి తిరగండి. ఇక్కడి నుంచి వెనక్కి వెళ్ళే దారి మీరు చూసిన దారే, రెండు గంటల్లో కింద ఉంటారు. రెడ్ క్రేటర్ దాటి అవతల జారుడులోకి దిగాక మళ్ళీ ఎక్కి వెనక్కి రావడం చాలా కష్టం. ఎవరు వెనక్కి అన్నా అందరూ వెనక్కే అని వ్యాన్‌లోనే మాట అనుకోండి. పిల్లలు అన్నా సరే. షటిల్ వాళ్ళకు ఫోన్ చేసి మంగటెపోపో వైపు దిగుతున్నామని చెప్పాలి, లేకపోతే వాళ్ళు మీ కోసం అవతల వైపు వెతుకుతారు.

వాతావరణం బాగుంటే గట్టు ఎక్కి రెడ్ క్రేటర్‌కు. రెండు పక్కలా లోయ, సన్నని దారి, కాలి కింద కదిలే గులకలు. పైకి చేరాక మేం గాలి తగలని పక్కన కూర్చున్నాం. గంధకం వాసన, పాడైన కోడిగుడ్డు వాసనలా. మా అమ్మాయి గ్లోవ్ తీసి నేల మీద అరచేయి ఆనించి, "నాన్నా, వెచ్చగా ఉంది" అంది. నేనూ ఆనించాను. గాలి ముక్కు కొసను కొరికేస్తుంటే, అరచేతి కింద మట్టి ఇప్పుడే దించిన ఇడ్లీ పాత్ర మూతలా వెచ్చగా ఉంది. పక్కనే బిలం లోపలి గోడ ఎర్రగా, నల్లగా. రాళ్ళలో ఇనుము గాలికి ఆక్సీకరణం చెంది ఆ ఎరుపు వచ్చింది.

ఇక దారి మొత్తంలో ఎక్కువమంది పడేది ఈ తర్వాతి పదిహేను నిమిషాల్లోనే. రెడ్ క్రేటర్ నుంచి ఎమరాల్డ్ లేక్స్ దాకా వదులు గులకల ఏటవాలు. భయపడి వెనక్కి వాలితే కాళ్ళు ముందుకు జారి కూర్చుంటారు. మోకాళ్ళు కొద్దిగా వంచి, ఒంటి బరువు పాదాల మీద ఉంచి, మడమ ముందు గుచ్చుతూ చిన్న చిన్న అడుగులు వేయండి. ప్రతి అడుగు రెండు బెత్తెలు జారుతుంది, జారనివ్వండి, మడమ దిగాక ఆగుతుంది. చేతికర్రలు కొంచెం పొడవు పెంచుకోండి. ముందు మనిషికి, మీకు నాలుగైదు అడుగుల ఎడం ఉంచండి. ఫోన్ జేబులో పెట్టేయండి, సరస్సులు ఎక్కడికీ పోవు. పిల్లల చేయి పట్టుకుని దిగకండి, ఒకరు జారితే ఇద్దరూ పడతారు. పెద్దవాళ్ళు ఒక అడుగు కింద, పక్కగా నడవండి.

మూడు ఎమరాల్డ్ సరస్సులు. చుట్టూ రాళ్ళ నుంచి కరిగి వచ్చిన ఖనిజాల వల్ల వాటికి ఆ పచ్చలాంటి రంగు. భోజనం ఇక్కడ కాకుండా, కాస్త దాటాక గాలి మరుగున చేయండి. ఆ తర్వాత వచ్చే బ్లూ లేక్ ఙాటి తూఫారెటోవా వారికి పవిత్రం. దాని ఒడ్డున తినడం, తాగడం అమర్యాద. నీళ్ళలో చేయి పెట్టడం ఏ సరస్సులోనూ వద్దు. డ్రోన్ ఎగరేయవద్దు.

అక్కడి నుంచి దిగుడే. ఎండు గడ్డి కొండ వాలు మీద దారి వంకర్లు తిరుగుతుంది, ఎదురుగా రోటోయైరా, దాని వెనక తౌపో సరస్సు. అందంగా ఉంటుంది కానీ చాలా పొడవు. మోకాళ్ళు ఇక్కడ మాట్లాడతాయి. కెటెటహి షెల్టర్ దగ్గర టాయిలెట్, కూర్చునే చోటు ఉన్నాయి. బూట్లు విప్పి సాక్సులు మార్చుకుంటే చివరి రెండు గంటలు తేలిగ్గా గడుస్తాయి. షెల్టర్ తర్వాత టె మారి ప్రమాద ప్రాంతం బోర్డులు వస్తాయి, బోర్డు ఆగవద్దంటే ఆగకండి. చివరి భాగం దట్టమైన అడవి, వాగు చప్పుడు. పొద్దుటి నుంచి చెట్టు చూడని కళ్ళకు ఆ పచ్చదనం ఎంత హాయిగా ఉంటుందో.

దిగిన రోజు సాయంత్రం

ఆ రోజు ఆక్లాండ్ బయల్దేరకండి. ఎనిమిది గంటలు నడిచిన కాళ్ళతో, నిద్ర చాలని కళ్ళతో ఎత్తు వ్యాన్ నడపడం కొండ కన్నా ప్రమాదం. ముందుగా ఆ మెసేజ్ పంపిన మనిషికి దిగామని చెప్పండి. తడి బట్టలు, బూట్లు వ్యాన్ లోపల పరిస్తే తెల్లారేసరికి అద్దాలన్నీ చెమ్మ పడతాయి, ఒక కవర్లో కట్టి పక్కన పెట్టండి. క్యాంప్‌కు చేరి కుక్కర్ పెట్టండి. మేం ఆ రాత్రి వేడి అన్నంలో గోంగూర పచ్చడి, నెయ్యి కలుపుకుని తిన్నాం. మా బావమరిది కూతురు తింటూ తింటూనే బల్ల మీద తల వాల్చి నిద్రపోయింది.

తెల్లారాక కాళ్ళు పట్టేసి ఉంటాయి. గంటసేపు నెమ్మదిగా అటూ ఇటూ తిరిగి, వాడేసిన నీళ్ళు తూరంగి డంప్ స్టేషన్‌లో ఖాళీ చేసి, అప్పుడు రోడ్డెక్కండి.